పింగళి నాగేంద్రరావుగారు: తెనిగించిన కలము, పలికించిన చిత్రము



మన కృష్ణాతీరగ్రామములలో పంచాయతి జరుగుచుండగా, ఎవరో యొకరు నవ్వుచు 'అసమదీయులు', 'తసమదీయులు' అనుట మీరు వినియుందురు. మొదటిదానికి మూలము 'అస్మదీయులు' అను సంస్కృతపదము, మావారని యర్థము. రెండవది మాత్రము వ్యాకరణమునకు లొంగదు. 'తదీయులు' అనవలెనని పండితులు తప్పుపట్టుదురు. అయినను ఆ మాట నిలిచినది. 1957లో వెలువడిన 'మాయాబజార్' చిత్రమునకై దానిని పుట్టించినవారు పింగళి నాగేంద్రరావుగారు.

వీరు 1901లో ఉత్తరాంధ్రమందలి రాజాములో జన్మించిరి. పెరిగినదియు, చదివినదియు బందరు. అచ్చటి ఆంధ్ర జాతీయ కళాశాలలో యంత్రవిద్య నభ్యసించిరి. యంత్రములు చదివినవారికి నాటకములేల యని యడుగవచ్చును. ఆనాటి బందరు అట్టిది! స్వదేశోద్యమము, పత్రిక, రంగస్థలము ఒకే వీథిలో నడచుచుండెడివి.

వంగకవి ద్విజేంద్రలాల్ రాయ్ రచించిన మేవాడ పతన నాటకమును, 'పాషాణి'ని నాగేంద్రరావుగారు తెనిగించిరి. ఇచ్చట నొక సూక్ష్మము కలదు. గ్రంథము చదువువాడు అర్థము కానిచో పుట వెనుకకు త్రిప్పుకొనును. నాటకము చూచువానికి ఆ యవకాశము లేదు. నటుని నోట వెలువడిన మాట అప్పుడే చెవి కెక్కవలెను, లేనిచో పోయినట్లే. కావున నాటకమును తెనిగించువాడు పదమునకు పదము పెట్టినచో చాలదు. తెలుగువాడు కోపించినప్పుడు, బ్రతిమాలునప్పుడు, ఎగతాళి చేయునప్పుడు ఎట్లు పలుకునో యెరుగవలెను. ఆ సాధనయే తరువాత వారిని చిత్రసీమలో నిలిపినదని నా తలంపు.

బందరు నాటకసమాజమునకై వ్రాసిన 'వింధ్యరాణి' 1948లో చిత్రమైనది. పిదప 1951లో 'పాతాళభైరవి'కి మాటలు, పాటలు కూర్చిరి. 1955 నాటి 'మిస్సమ్మ'కు మూలము వంగనాటకమే. దానిని చిత్రముగా మలచిన చక్రపాణిగారు తెనాలివారు, శరత్ నవలలను తెనిగించినవారు. పాటలు నాగేంద్రరావుగారివి. చిత్రము చూచి అది పొరుగునాటి కథ యని యెవరైన తలంచిరా? మన యింట జరిగినట్లే యుండెను.

మరల ఆ మాటయొద్దకే వత్తము. 'మాయాబజార్'లో రాక్షసుడొకడు 'తసమదీయులు' అనగా ఘటోత్కచుడు వానిని గద్దింపడు. క్రొత్తమాట పుట్టించినందుకు మెచ్చి వీరతాడు వేయించును. ఎస్.వి. రంగారావుగారు ఆ ఘట్టమును నటించిన తీరు మీ కన్నులకు కట్టియే యుండును. భాష చెడిపోవుచున్నదని మనము పిల్లలను కసరునప్పుడు ఆ ఘటోత్కచుడు నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. కసరుట మాత్రము మానలేదు.

నాగేంద్రరావుగారు 1971లో గతించిరి. పాటలు నేటికిని ఆకాశవాణిలో వినవచ్చుచున్నవి. అనువాదనాటకములను చదువువారు మాత్రము అరుదు. మీ గ్రామ గ్రంథాలయమున పాతనాటకముల బీరువా యున్నచో, తాళము తీయించి, చెదలు పట్టకముందే ఒకసారి వెదకింపుడు.