ఇంజను ఒకటే, బండ్లు నాలుగు: ఏది ఎవరికి?

టొమాటో డబ్బో, పూల తోట డబ్బో చేతికందిన ఇళ్ళలో ఈమధ్య ఒక మాట తరచు వినబడుతున్నది: "ఈసారి బుల్లెట్ తీసుకుందాం." మా హోసూరు పరిసర పల్లెలలో బుల్లెట్ అంటే ఒక మోడలు పేరు కాదు, రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి బండి ఏదైనా బుల్లెట్టే. షోరూములో అడుగు పెట్టిన తరువాత గాని అక్కడ మీటియర్, క్లాసిక్, హంటర్, బుల్లెట్ అనే నాలుగు వేర్వేరు బండ్లు ఉన్నవని తెలియదు. నాలుగింటి పేరు చివరను 350 అనే అంకె ఉండుటచేత గందరగోళం ఇంకా పెరుగుతున్నది. మా అక్క కుమారుడు నా వద్దకు ఈ సందేహంతోనే వచ్చినాడు. రెండు ఆదివారాలు వానితో తిరిగి చూచి తెలుసుకొన్న సంగతులను పాఠకుల ముందుంచుతున్నాను.

ఈ కంపెనీ మూలం ఇంగ్లండులోని రెడిచ్ పట్టణం. 1955లో మద్రాస్ మోటార్స్ వారితో భాగస్వామ్యం కుదిరి, 1956లో మన చెన్నైలోని తిరువొత్తియూరులో బుల్లెట్ తయారీ మొదలైనది. పాత ఇంజనులను దాటి, 349 సి.సి. గల సరికొత్త ఇంజనుతో 2020 నవంబరులో మీటియర్ వచ్చినది. అదే ఇంజనును 2021 సెప్టెంబరులో క్లాసిక్‌కు, 2022 ఆగస్టులో హంటర్‌కు, 2023 సెప్టెంబరులో బుల్లెట్‌కు అమర్చినారు. 2024 నవంబరులో గోవన్ క్లాసిక్ అనే మరొకటి కూడ వచ్చినది గాని, అది ప్రధానంగా ఒంటరి ప్రయాణానికి ఉద్దేశించిన బండి. కుటుంబానికి కొనేవారు దానిని పక్కన పెట్టవచ్చును.

నాలుగింటి శక్తి ఒక్కటే: 20.2 హార్స్ పవర్, 4,000 చుట్ల వద్ద 27 న్యూటన్ మీటర్ల లాగుడు, అయిదు గేర్లు. కనుక "ఏది ఎక్కువ లాగుతుంది?" అనే ప్రశ్నకు ఇక్కడ అర్థం లేదు. అంచెట్టి నుండి డెంకణికోటకు ఎక్కే ఘాటు దారిలో నాలుగూ ఒకే తీరుగా ఎక్కుతవి. పాత ఇంజనులో పిస్టను 90 మిల్లీమీటర్లు కిందికి మీదికి తిరిగేది, కొత్త దానిలో 85.8 మాత్రమే. దానికి తోడు అదురును అణచే బ్యాలెన్సర్ షాఫ్టు ఒకటి చేర్చినారు. అందువలన అరచేతులు తిమ్మిరెక్కుట చాలావరకు తగ్గినది. ఆ పాత డుగుడుగు చప్పుడు కూడ కొంత తగ్గినది. చప్పుడు కొరకే బండి కొనేవారికి ఇది లోటుగా తోచవచ్చును. సైలెన్సర్ మార్చుకొని బడి ముందు నుండి పోయే కుర్రవాళ్ళను రోజూ చూచే నాకు మాత్రం ఇది మేలుగానే ఉన్నది.

పెద్దలు గమనింపవలసిన మార్పు ఇంకొకటి కలదు. ఈ నాలుగింటికీ కిక్ లేదు, సెల్ఫ్ స్టార్టు మాత్రమే. నెలల తరబడి బండిని కొట్టంలో నిలిపి, సంక్రాంతికి బయటికి తీసే ఇళ్ళలో బ్యాటరీ దిగిపోయినచో తన్ని లేపుదామంటే కుదరదు. వారానికొకసారి కొంత దూరం తిప్పవలెను.

ఇక అసలు తేడా శరీరానికి, దారికి సంబంధించినది. క్లాసిక్, బుల్లెట్‌ల సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, మీటియర్‌ది 765. తేడా నాలుగు సెంటీమీటర్లే గదా అనిపించును. కాని మా వాడు అయిదడుగుల నాలుగంగుళాల మనిషి. క్లాసిక్ మీద కూర్చుంటే వాని మడమలు పైకి లేచినవి, మీటియర్ మీద పాదాలు నిండుగా నేలకు ఆనినవి. దాదాపు 195 కిలోల బండి ఇసుకలో ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆపేది ఆ మడమలే. అయితే మీటియర్‌లో కాళ్ళు ముందుకు చాపి కూర్చోవలెను. గుంతల దారిలో కాళ్ళమీద కొంచెం లేచే వీలు తక్కువ గనుక ప్రతి దెబ్బా నడుముకే తగులుతుంది. బెంగళూరు హైవేలో రోజూ పోయి వచ్చేవారికి అది హాయి, పొలం గట్టు దారివారికి కాదు. దాని ట్యాంకు 15 లీటర్లు, తక్కిన మూడింటివి 13.

హంటర్ బరువు 181 కిలోలు. రెండు చక్రాలూ 17 అంగుళాలవి, చిన్నవి. సందులలో సులువుగా తిరుగుతుంది, కొట్టం వాలు మీదికి ఒక్కడే తోయగలడు. కాని 2022లో వచ్చినప్పుడు నేలకు దాని ఎత్తు 150 మిల్లీమీటర్లే. వెనుక షాకులు గట్టివనే మాట కూడ ఉండేది. 2025లో ఎత్తును 160కి పెంచి, షాకులు మార్చి, సీటును 790కి దించినారు. పాతబండి కొనేవారు ఏ సంవత్సరపుదో తప్పక చూడవలెను.

క్లాసిక్, బుల్లెట్ ఒకే కడుపున పుట్టిన కవలలు. ముఖ్యమైన తేడా సీటు. బుల్లెట్‌కు ఒకే పొడవాటి సీటు, క్లాసిక్‌కు ముందుది వేరు, వెనుకది వేరు. చీర కట్టుకొని ఒక పక్కకు కూర్చునేవారికి, మధ్యలో సంచి పెట్టుకొనేవారికి పొడవాటి సీటే అనుకూలం.

టైర్ల సంగతి చాలామంది అడగరు. మీటియర్‌లో ఎక్కువ రకాలకు అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. బుల్లెట్‌కు స్పోక్స్ చక్రాలు, ట్యూబు టైర్లు. క్లాసిక్‌లో కొన్ని రంగులకే అల్లాయ్ దొరుకుతుంది. హంటర్‌లో తక్కువ ధర రకానికి స్పోక్స్, తక్కిన వాటికి అల్లాయ్. ట్యూబ్‌లెస్‌లో ముల్లు గుచ్చుకొన్నా గాలి మెల్లగా దిగుతుంది, ఊరు చేరవచ్చును. ట్యూబు టైరు పంక్చరైతే చక్రమే విప్పవలెను. కరువేలపు ముళ్ళ దారులలో, రాత్రివేళ, ఈ తేడా విలువ అనుభవించినవారికే తెలుసు. తక్కువ ధర రకాలలో వెనుక డ్రమ్ము బ్రేకు, ముందు చక్రానికే ఏబీఎస్ ఉన్నవి కూడ కలవు. అది అడిగి తెలుసుకొనండి.

ధర విషయం. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. లోపు బండ్లపై జీఎస్టీ 28 నుండి 18 శాతానికి తగ్గినది, అంతకు పైబడిన వాటికి 40 శాతమైనది. ఈ నాలుగూ 349 సి.సి. గనుక తగ్గిన పన్నులోనే ఉన్నవి. రోడ్డు పన్ను మాత్రం రాష్ట్రానికొక తీరు. "కుప్పంలో బంధువుల చిరునామా మీద కొంటే లాభం" అని సలహా చెప్పేవారు మన వైపు ఎక్కువ. ఒక రాష్ట్రపు నంబరు బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకొన్నచో అక్కడి నంబరు తీసుకొనవలెనని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. అప్పుడు అక్కడ పన్ను కట్టి, మొదట కట్టినదానిలో మిగులు వాపసు కొరకు పాత ఆఫీసు చుట్టూ తిరగవలెను. నివాసమున్న చోటనే నమోదు చేయించుట మంచిది.

మా వాడు క్లాసిక్ రంగు చూచి మనసు పడినాడు. మా అక్క నాలుగింటి వెనుకా కూర్చుని చూచి, బుల్లెట్ దగ్గర ఆగినది. మడమల సంగతి నేను మళ్ళీ ఎత్తినాను. బూటు అడుగు కొంచెం మందంగా వేయించుకొంటానని వాడు, పొద్దుతిరిగిన తరువాత బండి తీయవద్దని ఆమె, చివరకు బుల్లెట్టే ఇంటికి వచ్చినది. వెనుక చక్రానికి చీర చిక్కుకొనకుండ రక్షణ, పట్టుకొనుటకు పిడి, కాలు పెట్టుటకు ఆధారం ఉండవలెనని కేంద్ర నియమాలలోనే కలదు. అక్క మొదట చూచినది ఆ శారీ గార్డునే.