పెట్టుబడికి ముందు నాలుగు ప్రశ్నలు

మధ్యాహ్నం వేళ తలుపు చప్పుడవుతుంది. తీస్తే భుజాన సంచీ, చేతిలో కాగితాలతో ఓ అమ్మాయి. "ఆంటీ, మీరు ఏ సబ్బు వాడతారు? నెలకెన్ని? రెండు రూపాయలు పెరిగితే మానేస్తారా?" అని వరసగా అడుగుతుంది. ఓపికుంటే చెబుతాం, లేకపోతే "పనుందమ్మా" అని తలుపేస్తాం. ఈమధ్య ఆ అమ్మాయికి బదులు సెల్‌ఫోనే అడుగుతోంది. ఇంతకీ మనింటి సబ్బుతో వాళ్ళకేం పని?

చాలా పనుంది! మన జవాబులే వాళ్ళకు పెట్టుబడి. కొనేవాళ్ళకు ఏం కావాలో తెలుసుకోవడాన్ని 'మార్కెట్ రీసెర్చ్' అంటారు. పోటీ కంపెనీ ఏం చేస్తోందో, రేపు ఏం చేయబోతోందో న్యాయమైన దారిలో ఆరా తీయడం 'కాంపిటీటివ్ ఇంటెలిజెన్స్'. పేర్లు పెద్దవే గానీ, సంతలో నాలుగు గంపల దగ్గర ధర అడిగాక గానీ వంకాయలు కొనని ప్రతి ఇల్లాలికీ ఈ విద్య తెలుసు. చిక్కల్లా ఒక్కటే. కొనేటప్పుడు వాడే తెలివిని అమ్మేటప్పుడు మర్చిపోతాం. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని వ్యాపారం పెట్టేవాళ్ళకు ఆ మరుపు ఖరీదైనది. సరుకు మిగిలిపోయినా వాయిదా ఆగదు కదా!

చెత్తబుట్ట చెప్పిన నిజం

ఈ విద్యకు ఆద్యుడిగా చెప్పే చార్లెస్ కూలిడ్జ్ పార్లిన్ 1911లో అమెరికాలో ఓ పత్రికా సంస్థ తరఫున ఈ పని మొదలుపెట్టారు. తమ డబ్బా సూప్ కొనేది డబ్బున్నవాళ్ళేనని క్యాంప్‌బెల్ కంపెనీ అనుకునేదట. పార్లిన్ ఇళ్ళ ముందు చెత్త వెతికించారని చెబుతారు. ఖాళీ డబ్బాలు ఎక్కువగా దొరికింది కార్మికుల పేటల్లో! పెద్దింటివాళ్ళకు వంటవాళ్ళుంటారు కదా, డబ్బా సూప్ ఎందుకు? మన దేశంలో ఇలాంటి పనికి బరోడాలో 1960లో ఓఆర్‌జీ అనే సంస్థ వెలిసింది. పెట్టింది ఎవరో తెలుసా? అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్.

సైకిల్ మీద వచ్చిన పోటీ

1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంట్లో బట్టల పొడి కలిపి, సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మారు. అదే నిర్మా. అప్పట్లో సర్ఫ్ ధరలో అది దాదాపు నాలుగోవంతు. అంత పెద్ద హిందుస్తాన్ లీవర్ మొదట దాన్ని లెక్కచేయలేదు. తీరా నిర్మా ఊరూరా పాకాక, కొనేవాళ్ళెవరు, ఎందుకు కొంటున్నారు, ఏ దుకాణాల్లో అమ్ముతున్నారు అని కూపీ లాగి, 1980ల చివర్లో తక్కువ ధరకే వీల్ తెచ్చింది.

షాంపూ కథా ఇలాంటిదే. కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ షాంపూని చిన్న ప్యాకెట్లలో నింపారు. సీసా కొనలేని ఇల్లాలు కూడా ఒక్క తలంటుకు కొనుక్కోగలదని గ్రహించారు. ఆయన కొడుకు రంగనాథన్ 1983లో పదిహేను వేలతో చిక్ మొదలుపెట్టారు. పల్లెల్లో పిల్లాడి తల అక్కడికక్కడే రుద్ది, కడిగి చూపించారు. ఏ కంపెనీవైనా సరే, ఖాళీ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ఉచితమన్నారు.

అడగకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు. 1991 సంస్కరణల తర్వాత విదేశీ కంపెనీలు వరస కట్టాయి. 1994లో కెల్లాగ్స్ మొక్కజొన్న అటుకులు తెచ్చింది. చల్లని పాలలో కరకరలాడాల్సినవి, మనవాళ్ళు అలవాటు కొద్దీ వేడిపాలు పోస్తే మెత్తబడిపోయాయి. ఇడ్లీ, పరోటా తినే ఇంటికి పొద్దున్నే ఏం కావాలో ముందే అడిగుంటే సరిపోయేది.

2001 ప్రాంతంలో హిందుస్తాన్ లీవర్ తన 'శక్తి' పథకాన్ని మొదలుపెట్టింది నల్గొండ జిల్లాలో, పొదుపు సంఘాల మహిళలతోనే. ఏ ఇంట్లో ఏం వాడతారో, ఎవరి చేతిలో ఎప్పుడు డబ్బు ఆడుతుందో ఊరి ఆడవాళ్ళకు తెలిసినట్టు కంపెనీ వాళ్ళకు తెలియదు మరి!

కోసిగిలో అయితే...

కర్నూలు జిల్లా పడమట అంచున, కర్ణాటక సరిహద్దులో కోసిగి ఉంది. వాన నమ్ముకోలేని నేల. పక్కనే ఆదోని యార్డులో పత్తి కాటా వేస్తారు. దాని ధర వెనక అమెరికా, బ్రెజిల్ పంట, చైనా, బంగ్లాదేశ్ మిల్లుల గిరాకీ ఉంటాయి. ప్రపంచం ఇంత దగ్గరకొచ్చాక మన చిన్న వ్యాపారం మాత్రం గుడ్డిగా నడుస్తుందా?

ఓ సంఘం వాళ్ళు ఎండు జొన్నరొట్టెలు చేసి అమ్మాలనుకున్నారనుకోండి. "మన రొట్టె బాగుంటాది, ఎవురైనా కొంటార్లే" అని వెంటనే జొన్నలు పట్టించేయకండి. ముందు నాలుగు ప్రశ్నలు.

కొనేదెవరు? కోసిగిలో రొట్టె ఎవరింట్లో వాళ్ళే చేసుకుంటారు. కొనేవాళ్ళు వేరు. ఆదోనిలో ఉద్యోగం చేసే ఇల్లాలు, మంత్రాలయం వచ్చే యాత్రికులు, బెంగళూరులో చదివే పిల్లలు... "బాగుందా?" అని అడిగితే మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. "పోయిన నెల ఇలాంటిది కొన్నారా? ఎంతకు? ఎక్కడ?" అని అడగండి. డబ్బు తీసిన చేతి మాటే లెక్క.

ఇప్పటికే అమ్ముతున్నదెవరు? కర్ణాటక వైపు ఎండు రొట్టెల ప్యాకెట్లు మామూలే. ఒకటి కొనండి. బరువు, ధర, తేదీ చదవండి. రుచి చూడండి. విరిగినవెన్నో లెక్కపెట్టండి. దుకాణదారుకు ఎంత మిగులుతుందో అడగండి.

ఎప్పుడు అమ్మాలి? మిరపకోతల కాలంలో ఈ పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు 'సుగ్గి'కి పోతాయి. ఇళ్ళకు తాళాలు. రొట్టె చేసే చేతులూ ఊళ్ళో ఉండవు. ఉగాదికి చాలామంది తిరిగొస్తారు. ఏ పెద్ద కంపెనీ సర్వే కన్నా ఈ లెక్క మీకే బాగా తెలుసు.

ఎంత మిగులుతుంది? జొన్నలు, మర, గ్యాస్, కవర్లు, బస్సు ఛార్జీ, విరిగినవి, దుకాణం కమిషన్... అన్నీ రాయండి. మీ కూలి కూడా. ఇంటి పని లాగే దీన్నీ లెక్కలోకి తీసుకోకపోతే లాభం ఉన్నట్టు కనిపిస్తుందంతే.

జవాబులు కుదిరాకా అప్పు జోలికి వెళ్ళకండి. ఇరవై ప్యాకెట్లు ఒక్క దుకాణంలో వారం పాటు పెట్టి చూడండి. మిగిలినవెన్ని, ఎందుకు మిగిలాయని అడగండి.

ఇంకో మాట. అంగట్లో అందరికీ కనిపించేది చూడడం, అడిగి తెలుసుకోవడం తప్పు కాదు. పక్కవాళ్ళ పనిమనిషికి డబ్బిచ్చి లెక్కల పుస్తకం తెప్పించుకోవడం మాత్రం దొంగతనమే. అలాగే మన ఇంటి వివరాలూ విలువైనవే. దుకాణంలో ఫోన్ నంబరు అడిగితే "ఎందుకండీ?" అని అడగండి.

ఈసారి మీ సంఘం సమావేశంలో అప్పు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఈ నాలుగు ప్రశ్నలూ పైకి చదివించండి. ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ వారానికి సంతకం ఆపండి.