తిరిగిరాని విమానములు

రెండవ ప్రపంచయుద్ధ కాలమున లండను నుండి వెలువడు రేడియో వార్తలలో ఒకే విధమైన వాక్యము తరచుగా వినవచ్చుచుండెడిది. గడచిన రాత్రి జర్మనీలోని ఫలాని నగరముపై మన బాంబరు విమానములు దాడిచేసినవి. వానిలో ఇన్ని తిరిగి రాలేదు. అంతియే. ఆ 'ఇన్ని' యనునది ఒకనాడు అయిదారు, మరియొకనాడు ఇరువది, ఒక రాత్రి తొంబదికి పైగా. వార్తలు చదువువారి కంఠస్వరములో మార్పుండెడిది కాదు. వినుచున్న కుటుంబములు మాత్రము ఆ సంఖ్యను మనస్సులోనే ఏడింట హెచ్చవేసికొనవలసి యుండెను. ఏలయనగా పెద్ద బాంబరు విమానమునకు సాధారణముగ ఏడుగురు మనుష్యులు.

ఆ ఏడుగురు ఎవ్వరు, వారు చేసిన పని యెట్టిది, వారి ధైర్యమును ఏ విధముగ స్మరింపవలెను అనునది ఈ ప్రసంగ విషయము. ఇది తేలికయైన విషయము కాదు. వారు విడిచిన బాంబులక్రింద మరణించినవారిలో స్త్రీలు, పసిబిడ్డలు, వృద్ధులు వేలకొలదిగ ఉండిరి. ఆ సంగతి దాచి వీరగాథ చెప్పుట మాకు సమ్మతము కాదు. అట్లని ఆ ఒక్క సంగతియే చెప్పి ఈ యువకులను మరుగుపరచుటయు న్యాయమని మాకు తోచదు.

బ్రిటిషు వైమానిక బలములో బాంబరు విమానములను నడపిన శాఖకు బాంబర్ కమాండ్ అని పేరు. 1939 మొదలు 1945 వరకు అందు సుమారు 1,25,000 మంది వైమానికులు పనిచేసిరి. వారిలో 55,573 మంది మరణించిరి. అనగా పదిమందిలో నలుగురికంటె ఎక్కువ. వీరిలో బలవంతముగ విమానమెక్కింపబడినవాడు ఒక్కడును లేడు. అందరును తామై కోరి చేరినవారే. ఇంగ్లీషువారితోపాటు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, పోలండు, వెస్టిండీసు దీవులు మున్నగు అనేక దేశములవారు కలరు. మీసములు సరిగా రాని వయస్సువారును ఉండిరి. ఇరువది యైదేండ్లవానిని తోడివారు పెద్దవానిగ లెక్కించెడివారు.

ఈ కథ మొదటి పుటలోనే హైదరాబాదు పేరు కనబడుట మనవారిలో చాలమందికి తెలియదు. మొదటి ప్రపంచయుద్ధమున నిజాము ప్రభువు ఇచ్చిన ద్రవ్యముతో 110వ స్క్వాడ్రనుకు విమానములు సమకూర్చబడినవి. డి.హెచ్.9ఏ అను ఆ విమానములపై హైదరాబాదు నిజాముగారి బహుమానమని వ్రాయబడియుండెను. వానిలో ఒకటి 1918 అక్టోబరు 5వ తేదీన జర్మనీపై దాడికి పోయి శత్రువుల చేజిక్కి, బెర్లినులో ప్రదర్శింపబడి, పిమ్మట పోలండు చేరి, తుదకు 1977లో లండనులోని వైమానిక మ్యూజియమువారికి లభించినది. 110వ స్క్వాడ్రనుకు హైదరాబాదు స్క్వాడ్రను అను పేరు స్థిరపడినది. దాని చిహ్నముపైనున్న పులి నిజాముగారి ముద్రనుండి గ్రహింపబడినదే.

రెండవ యుద్ధమున బ్రిటను ప్రవేశించిన మరునాడు, 1939 సెప్టెంబరు 4వ తేదీన, విల్హెల్మ్స్‌హావెన్ రేవు దగ్గర నిలిచిన జర్మను యుద్ధనౌకలపై పట్టపగలు దాడికి వెడలినవానిలో ఈ హైదరాబాదు స్క్వాడ్రను వారి బ్లెనిము విమానములు అయిదు కలవు. ఒకటి తిరిగి రాలేదు. వెంటనే వచ్చిన మరియొక స్క్వాడ్రనులో అయిదింట నాలుగు కూలినవి. అదే సంవత్సరము డిసెంబరు 18వ తేదీన హెలిగోలాండు సముద్రభాగముపై 22 వెల్లింగ్టను విమానములు శత్రువులను ఎదుర్కొనగా 12 నష్టమైనవి. పగటివేళ పోయినచో మిగులుట దుర్లభమని తేలినది. కావున రాత్రి దాడులు.

రాత్రివేళ మరియొక చిక్కు. శత్రువుకు తాము కనబడరు, నిజమే. తమకును ఏమియు కనబడదు. 1941 ఆగస్టులో ఛాయాచిత్రములను పరిశీలించిన ఒక నివేదికనుబట్టి, గురిచేరితిమని చెప్పిన విమానములలో మూడింట ఒకటి మాత్రమే లక్ష్యమునకు అయిదు మైళ్ల లోపల బాంబులు వేసినదని బయటపడెను. ఒక కర్మాగారమును గురిచూచి కొట్టలేనివారు ఒక నగరమును కొట్టగలరు. 1942 ఫిబ్రవరిలో పైనుండి వచ్చిన ఆజ్ఞ అట్టిదే: ఇకమీదట పారిశ్రామిక నగరములును, అందలి కార్మికులు నివసించు ప్రాంతములును లక్ష్యములు. ఈ నిర్ణయము చేసినవారు కార్యాలయములలోని పెద్దలు. చీకటిలో ఎగిరినవారు కారు. ఈ భేదమును మనము మరువరాదు.

ఇక ఆ ఏడుగురు. వారు ఒక జట్టుగ ఏర్పడు విధము విచిత్రమైనది. శిక్షణ పొందిన పైలట్లను, నావిగేటర్లను, గన్నర్లను, తక్కినవారిని ఒక పెద్ద విమానశాలలోనికి తోలి, మీలో మీరే జట్లు కట్టుకొనుడని అధికారులు ఊరకుండెడివారు. ఒకడు మరియొకని ముఖము చూచి, రెండు మాటలాడి, వచ్చెదవా అని యడుగును. మన పెండ్లి సంబంధములలో ఇంతకంటె ఎక్కువ విచారణ జరుగును! అయినను అధికారులు కట్టిన జట్లకంటె ఈ జట్లే గట్టివైనవి. తాను ఎన్నుకొనిన మనిషిని నడిదారిలో విడుచుట కష్టము. ఫ్లైట్ ఇంజనీరు మాత్రము కొంతకాలము గడచిన పిమ్మట వారితో కలిసెడివాడు.

లాంకాస్టరు విమానము రెక్కల కొననుండి కొనకు 102 అడుగులు, ఇంజనులు నాలుగు. చూచుటకు మహాకాయము, లోపల మాత్రము ఇరుకు. ముందు ముక్కుభాగమున బాంబులు గురిచూచువాడు బోరగిల పడుకొనియుండును. పైన పైలటు, అతనికి మారు మరియొక పైలటు లేడు. ప్రక్కన ఇంజనీరు. తెరచాటున చిన్న దీపము వెలుగులో నావిగేటరు లెక్కలు వేయుచుండును. ఆ వెనుక వైర్‌లెస్ ఆపరేటరు. మన ఇండ్లలో రేడియో మీట త్రిప్పినంత సులభమైన పని కాదది. అతడు చెవులకు తగిలించుకొనిన యంత్రములో ఆజ్ఞలకై వినుచుండవలెను, తాను మాత్రము పలుకరాదు. పలికినచో తామున్న తావు శత్రువునకు తెలిసిపోవును. నడుమ పైభాగమున ఒక గన్నరు. అందరికంటె వెనుక, తోక చివర, వెనుక గన్నరు.

ఈ వెనుక గన్నరును గూర్చి కొంత విశేషించి చెప్పవలసియున్నది. విమానములో ఒంటరివాడు అతడే. నలువది డిగ్రీల అతిశీతలము. విద్యుత్తుతో వెచ్చబడు దుస్తులున్నను అవి చెడిపోవుట సాధారణము. చూపునకు అడ్డముగ నున్నదని ఎదుటి గాజువంటి పలకను సైతము కొందరు తీసివేయించుకొనెడివారు. చలిని భరింపవచ్చును గాని చీకటిలో వచ్చు శత్రువిమానమును ఒక క్షణము ఆలస్యముగ చూచుట ప్రాణాంతకము. పోవుచోటు అతనికి ఎన్నడును కనబడదు, వచ్చిన త్రోవ మాత్రమే కనబడును. పారాచూటు తన గూటిలో పట్టదు. వెనుక ద్వారము తెరచి విమానములోనుండి అందుకొనవలెను. బెర్లిను పోయి వచ్చుటకు ఏడెనిమిది గంటలు. ఆ గంటలన్నియు నిద్రకు లొంగక చీకటిని చూచుచుండుటయే అతని ఉద్యోగము.

బాంబులు విడిచిన వెంటనే మరలి రావచ్చునని మనమనుకొందుము. అదియు లేదు. గురి తగిలినదో లేదో తెలియుటకు ఛాయాచిత్రము తీయవలెను. అందులకు మెరుపుబాంబు ప్రేలువరకు విమానము ఎటును తొలగక తిన్నగ పోవలెను. సుమారు అర నిమిషము. క్రిందనుండి ఫిరంగులు, చుట్టును సర్చిలైట్లు. ఆ అర నిమిషమే తక్కిన ప్రయాణమంతటికంటె దీర్ఘముగ తోచెడిదనిన ఆశ్చర్యమేమి?

ఇట్టి ప్రయాణములు ముప్పది చేసినచో ఒక విడత ముగియును. ఆరు నెలల విరామము. తరువాత రెండవ విడత. ముప్పది యనునది ఎట్టి సంఖ్యయో చూడుడు. ప్రతి దాడిలోను నూటికి నాలుగు విమానములు నష్టమగుచున్నవనుకొందము. నాలుగేగదా యనిపించును. కాని ముప్పదిసార్లు పోయి మిగులువారు లెక్కప్రకారము నూటికి ముప్పదిమందియైన కారు. నూటికి అయిదైనచో, ఇరువది యొక్కరో ఇరువది ఇద్దరో. ఈ లెక్క వేయుటకు గొప్ప గణితము అక్కరలేదు. భోజనశాలలో నిన్నటి కుర్చీలు నేడు ఖాళీగనుండుట చూచిన ప్రతివాడును వేసికొనగలడు. వేసికొనియు మరునాడు సాయంకాలము విమానమెక్కెడివారు. యుద్ధరంగమున ఆవేశముతో ముందుకురుకుట ఒక విధమైన శౌర్యము. మధ్యాహ్నము దుప్పటి పరచుకొని నిద్రించి, టీ త్రాగి, తెలిసి తెలిసి మరల పోవుట మరియొక విధము. రెండవదియే కఠినమని మా అభిప్రాయము.

వారి మాటలు నేటికిని వినుటకు వీలున్నది. అది రేడియో చేసిన పుణ్యము. 1943 సెప్టెంబరు 3వ తేదీ రాత్రి బి.బి.సి. తరపున విన్‌ఫోర్డ్ వాఘన్ థామస్ అను వ్యాఖ్యాతయు, రెజ్ పిడ్స్‌లీ అను శబ్దయంత్ర నిపుణుడును 207వ స్క్వాడ్రనుకు చెందిన ఒక లాంకాస్టరులో బెర్లినుకు పోయిరి. పైలటు కెన్ లెట్‌ఫర్డ్. గ్రామఫోను ప్లేటువంటి పళ్లెముపై అప్పటికప్పుడు శబ్దమును చెక్కు యంత్రమును విమానములో అమర్చిరి. ఇంజనుల హోరు మధ్య ఆ కుఱ్ఱవాండ్రు ఒకరికొకరు చెప్పుకొను మాటలు వినబడును. శత్రువిమానము మీదికి వచ్చును, గన్నరు కాల్చును, అది మండి కూలును, వీరు హర్షధ్వానము చేయుదురు. అందులో మనలను కదలించునది ఆ కేక కాదు. అంతకుముందు బాంబులు గురిచూచువాడు పైలటుకు దారి చెప్పు సాధారణ స్వరము. సందులో బండికి త్రోవ చూపువాడు మాటలాడినట్లుండును. ఆ రాత్రి వెడలిన 316 లాంకాస్టరులలో 22 తిరిగి రాలేదు. ఆ పళ్లెము ఇరువది మూడవదానిలో ఉండవలసినదేమో ఎవరు చెప్పగలరు? మూడు నెలల పిమ్మట, డిసెంబరు 2వ తేదీన, ఇట్లే బెర్లినుకు విలేఖరులుగ పోయినవారిలో నార్వే కవి నార్దాల్ గ్రీగ్ మరల రాలేదు.

ముప్పదికి ముప్పది పూర్తిచేసినవారి కథలు మనకు దక్కుచున్నవి. పోయినవారి కథలు వారితోనే పోయినవి. ఒక్కొక్కప్పుడు మాత్రము సాక్షి మిగులును. ఆండ్రూ మైనార్‌స్కీ కెనడాలోని విన్నిపెగ్ నగరవాసి. పోలండు నుండి వలసవచ్చిన కుటుంబము. 1944 జూన్ 12వ తేదీ రాత్రి ఫ్రాన్సులోని కాంబ్రైపై దాడిలో అతని విమానమునకు నిప్పంటుకొనెను. దూకుడని పైలటు ఆజ్ఞ. మైనార్‌స్కీ పైభాగపు గన్నరు. ద్వారము చేరినవాడు వెనుకకు చూడగా, వెనుక గన్నరు పాట్ బ్రోఫీ తన గూటిలో చిక్కుకొని యుండెను. ఆ గూడు తిరుగక బిగిసిపోయినది. మండుచున్న నూనెలో ప్రాకుచు పోయి మైనార్‌స్కీ గొడ్డలితోను, చేతులతోను దానిని తెరువ ప్రయత్నించెను. ఇక లాభము లేదు, పొమ్మని బ్రోఫీ సైగచేసెను. అతడు మంటలమధ్యనే వెనుకకు జరిగి, నిటారుగ నిలిచి, మిత్రునకు సెల్యూటు చేసి, మండుచున్న బట్టలతో దూకెను. నేలచేరినను కాలినగాయములతో మరణించెను. విమానము కూలినప్పుడు బ్రోఫీ వెలుపలికి విసరివేయబడి జీవించెను! అతడు చెప్పుటచేతనే లోకమునకు తెలిసినది. 1946లో మైనార్‌స్కీకి విక్టోరియా క్రాసు ప్రకటింపబడెను. ఇట్టి సాక్షి మిగులని విమానములెన్నియో.

అందరును నిలువలేకపోయిరి. కొందరికి చేతులు వణకెడివి, నిద్ర పట్టెడిది కాదు, ఒకనాడు విమానమెక్కలేకపోయెడివారు. పది ఇరువది దాడులు చేసినవారిలోను అట్టివారు కలరు. అధికారులు వారి కాగితములపై నైతికబలము లేనివారని ముద్రవేసి, రెక్కల చిహ్నము ఊడబెరికి పంపివేసెడివారు. మనస్సునకు తగిలిన గాయమును పిరికితనమని పిలిచిన ఈ యేర్పాటు క్రూరమైనదని నేడు వైద్యశాస్త్రమెరిగినవారు చెప్పక తప్పదు. ఆనాడు ఆ ముద్రకు జడిసి ఎగిరినవారును ఉండిరి.

ఇంతవరకు విమానములోనుండి చూచితిమి. క్రిందికి చూడకున్నచో ఈ ప్రసంగము అసత్యమగును. 1943 జూలై చివర హాంబర్గు నగరము మండినప్పుడు మంటలే గాలిని లాగుకొని తుఫానైనవి. ఆ కొలది రాత్రులలో ముప్పది వేలకు పైగా జనులు చనిపోయిరి. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెనులో చనిపోయినవారు ఇరువది యైదు వేలవరకు ఉందురని 2010లో చరిత్రకారుల సంఘము తేల్చినది. మన భారతమునందును రాత్రివేళ జరిగిన సంహారమునకు సౌప్తికపర్వము కలదు; దానికి తరువాతిది స్త్రీపర్వము. పోలిక పూర్తిగ కుదరదు. అశ్వత్థామకు ఎదుట ఫిరంగులు లేవు, ఈ యువకులకు ఉండినవి. మరియు యూరపునంతను చెరపట్టి, లండను, కోవెంట్రీ, రాటర్‌డాము నగరములను మునుపే కాల్చిన హిట్లరు రాజ్యముతో వీరు పోరాడుచుండిరి. అయినను ఒక పర్వము చదివి రెండవదానిని మూసివేయు అలవాటు మనకు లేదు.

యుద్ధము ముగిసిన పిమ్మట ఇంగ్లండువారికే ఈ దళమును తలచుకొనుట ఇబ్బందియైనది. వారికి ప్రత్యేకమైన యుద్ధపతకము లేకపోయెను. 2013లో మాత్రమే పతకపు పట్టీపై ధరించు ఒక చిన్న చిహ్నము మంజూరైనది. అప్పటికి ధరించుటకు ఎందరు మిగిలిరి? అంతకు ముందటి సంవత్సరము, 2012 జూన్ 28వ తేదీన, లండనులోని గ్రీన్ పార్కులో ఎలిజబెత్ రాణి వారి స్మారకమందిరమును ఆవిష్కరించెను. అందు దాడినుండి తిరిగివచ్చి విమానము దిగిన ఏడుగురి కంచువిగ్రహములు కలవు. 1939 నుండి 1945 వరకు బాంబుదాడులలో ప్రాణములు కోల్పోయిన సకల దేశములవారిని స్మరించు వాక్యమును అదే మందిరమున చెక్కిరి. శత్రుదేశమువారును అందు చేరిరి. అది సమంజసముగ నున్నది.

ఆ మందిరపు కప్పులో ఉపయోగించిన అల్యూమినియము ఒక హాలిఫాక్సు బాంబరుది. 1944 మే నెలలో ఒక రాత్రి అది బెల్జియములో ఒక బురదనేలలో కూలి లోతుగ దిగబడెను. 1997లో దానిని పైకి తీసినప్పుడు, అంతవరకు లెక్కతేలని ముగ్గురు వైమానికుల శరీరావశేషములు అందులోనే లభించినవి. వారికి మర్యాదతో సమాధిసంస్కారము జరిగెను.