నిద్ర పట్టకపోతే ఊరుకోవద్దు

“ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు” అంటారు పెద్దలు. అలిసిన మనిషికి చాప మీదైనా నిద్ర పడుతుంది. కానీ పగలంతా నాట్లు వేసి వచ్చినా కొందరికి కన్ను మూతపడదు. ఎందుకు?

అక్కలారా! నిద్రలో బీపీ తగ్గుతుంది. గుండెకు కాస్త తెరిపి దొరుకుతుంది. పగలు నేర్చుకున్నది బుర్రలో నిలబడుతుంది. అందుకే పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఇంట్లో అందరికంటే ముందు లేచేది, చివర పడుకునేది మనమే. అందుకే నిద్ర చెడినా “మామూలేలే” అనుకుంటాం. కానీ నిద్రకూ జబ్బులున్నాయి. మూడింటిని తెలుసుకుందాం.

1. నిద్ర పట్టకపోవడం
అప్పు, దిగులు, నొప్పి వల్ల ఒకటి రెండు రాత్రులు నిద్ర రాకపోతే భయం లేదు. వారానికి 3 రాత్రుల చొప్పున 3 నెలలు ఇలాగే ఉంటే అది జబ్బే.

2. కాళ్ళు లాగడం
పడుకోగానే కాళ్ళలో ఏదో పాకినట్టు, లాగినట్టు ఉంటుంది. లేచి నడిస్తే తగ్గుతుంది. పడుకుంటే మళ్ళీ మొదలు. ఒంట్లో ఇనుము తక్కువైతే ఇలా రావచ్చు. గర్భిణులకు ఎక్కువగా వస్తుంది. రక్త పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు ఐరన్ మాత్రలు ఇస్తే టీతో మింగవద్దు. టీ వల్ల ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

3. గురక
గురక పెడితే హాయిగా నిద్రపోతున్నారు అనుకుంటాం. అన్ని గురకలూ జబ్బు కాదు. కానీ కొందరికి మధ్యలో గొంతు దారి మూసుకుపోతుంది. ఊపిరి 10 సెకన్లు, ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. తర్వాత ఉలిక్కిపడి గాలి పీలుస్తారు. రాత్రంతా ఇదే తంతు. తెల్లారితే తలనొప్పి, పగలంతా కునికిపాట్లు. బీపీ, గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. ఆటో, లారీ నడిపేవాళ్ళు తూగితే ప్రాణానికే ముప్పు. ముట్లుడిగాక ఆడవాళ్ళకూ ఇది ఎక్కువగా వస్తుంది. పడుకున్న మనిషికి ఈ సంగతి తెలియదు. పక్కనున్నవాళ్ళే చూసి చెప్పాలి.

మనం ఏం చేయాలి?
• రోజూ ఒకే వేళకు పడుకోవాలి, ఒకే వేళకు లేవాలి.
• పొద్దుగూకాక టీ, కాఫీ తాగవద్దు. పడుకునే ముందు సెల్‌ఫోను పక్కన పెట్టాలి.
• మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు వేసుకోవద్దు.
• సారా తాగితే మంచి నిద్ర పడుతుందనేది తప్పు. గురక, ఊపిరి ఆగడం ఇంకా ఎక్కువవుతాయి.
• తగ్గకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. వీటికి వైద్యం ఉంది.

రాయండి
ఎప్పుడు పడుకున్నారు? ఎన్నిసార్లు మెలకువ వచ్చింది? ఎప్పుడు లేచారు? వారం రోజులు కాగితం మీద రాయండి. ఆ కాగితం డాక్టరుకు చూపించండి. మీరు రాసిన ఆ నాలుగు మాటలు చూస్తే డాక్టరుకు మీ బాధ తొందరగా అర్థమవుతుంది.