పొదుగు కోడికి పట్టు నల్లి – దాని నివారణ

కరీంనగరు, ఆదిలాబాదు సీమలలోని కాపుల యిండ్ల యందు పెరటి కోళ్ళు లేని యిల్లు అరుదు. వీటికి ప్రత్యేకముగ మేత కొననక్కరలేదు. కల్లములో రాలిన జొన్నలు, మక్కలు, పెంటకుప్పలోని పురుగులు వీటికి చాలును. అయినను పొదుగునకు కూర్చున్న పెట్ట నడుమనే గ్రుడ్లు విడిచి లేచిపోవుటయు, దిగిన పిల్లలు నాలుగైదు దినములలో వాలి చచ్చుటయు తరచుగా జరుగుచుండును. దీనిని కొందరు దిష్టి యందురు. కొందరు పెట్ట గుణమే మంచిది కాదని దానిని కోసివేయుదురు. ఇట్టి నష్టములలో అనేకము గూటియందు దాగిన నల్లి వలన కలుగునవే. దీనిని గుర్తెరిగి కాలమునకు తగినట్లు పనిచేసినచో పెట్టయు, పిల్లలును దక్కును.

నాటు పెట్టను కాపాడుకొనుటకు మరియొక కారణము గలదు. హైదరాబాదు చెంత రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ మొదలగు కోళ్ళు సామాన్యముగ పొదుగవు. వాటి గ్రుడ్లను ఇంటియొద్ద పిల్లలు చేయించవలెనన్నను నాటు పెట్టయే ఆధారము.

1. నల్లియొక్క స్వభావము

కోళ్ళను బాధించు నల్లులలో రెండు విధములు ముఖ్యమైనవి.

మొదటిది ఎర్రనల్లి. ఇది ఆవగింజకంటె చిన్నది. ఆకలిగొన్నపుడు బూడిదవన్నెగను, రక్తము త్రాగినపుడు ఎర్రగను కనబడును. ఇది పగలు కోడిపై నుండదు. గూటి పగుళ్ళలోను, దండెము కొనలయందును, బుట్ట అల్లికలలోను దాగి, రాత్రి బయలుదేరి రక్తము పీల్చి మరల తన చోటికి చేరును. ఈ పురుగు మన సీమకే పరిమితమైనది కాదు. 1778లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడగు డి గీర్ దీనిని వర్ణించెను. నేటికిని ఐరోపా ఖండమున గ్రుడ్ల కోళ్ళు పెంచువారికి ఇది పెద్ద బెడదగనే యున్నది.

రెండవది రేయింబవళ్ళు కోడి దేహముపైననే యుండునది. ఇది గుదము చుట్టును ఈకల మొదళ్ళ యందు గుంపులు గుంపులుగ చేరును. పొదుగు గూటి గడ్డిలోను విస్తారముగ వృద్ధియగును.

అనుకూలమైన వేడి, తేమ యున్నచో ఎర్రనల్లి గ్రుడ్డునుండి పెరిగి మరల గ్రుడ్లు పెట్టుటకు ఏడు మొదలు పది దినములు చాలును. చల్లని చోట మేత లేకయే కొన్ని నెలలు బ్రతుకగలదు. కావున గూటిని నెల దినములు వట్టిదిగ విడిచినంత మాత్రమున అది శుద్ధియైనదని నమ్మరాదు.

2. పొదుగు కోడికి హాని యెక్కువగుటకు కారణము

తిరుగాడు కోడి దినమునకు పలుమార్లు దుమ్ములో పొర్లి పురుగులను కొంతవరకు రాల్చుకొనును. పొదుగు పెట్టకు ఆ వీలు లేదు. అది దినమున కొక్కసారి మేతకు లేచి, కొద్ది సేపటికే మరల గ్రుడ్లమీద కూర్చుండును. గ్రుడ్డు పొదుగుటకు 21 దినములు పట్టును. ఈ కాలములో నల్లులు రెండు మూడు తరములు పెరుగును. వెచ్చని గడ్డి, కదలని కోడి, రాత్రియంతయు రక్తము – నల్లికి ఇంతకంటె అనుకూలమైన చోటు మరియొకటి లేదు.

రక్తము తగ్గిన పెట్టకు జుట్టు తెల్లబారును, బరువు తగ్గును, బాధకు తాళజాలక గ్రుడ్లు విడిచిపోవును. కొన్ని పెట్టలు గ్రుడ్లు విడువక గూటిలోనే చచ్చును. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు రక్తము బహు స్వల్పము. కొన్ని రాత్రుల బాధకే అది వాలిపోవును.

3. గుర్తించు విధము

రాత్రి రెండు జాములు గడచిన పిమ్మట దీపముతో గూటిని, దండెము అడుగు భాగమును చూడవలయును. పగటివేళ తెల్ల కాగితమును పగుళ్ళలో దూర్చి లాగినచో దానిపై ఎర్రని గీతలు పడును. గ్రుడ్లు తీయబోవు చేతిపైకి సన్నని పురుగులు ప్రాకినను నల్లి యున్నట్లే. దేహముపై నుండు నల్లిని చూచుటకు గుదము చుట్టు నున్న ఈకలను విడదీయవలయును. అచట ఈకలు నల్లబడి, చర్మముపై పక్కులు కట్టియుండును.

ఈ పురుగులు మనుష్యులను గూడ కుట్టి దురద పుట్టించును గాని మనుష్య దేహముపై కాపురముండవు. అయినను పిల్లలు పండుకొను గోడకు ఆనించి కోళ్ళ గూడు కట్టరాదు.

4. గూటిని శుద్ధిచేయుట

కోడికి మాత్రమే మందు వేసి గూటిని విడిచినవాని శ్రమ వ్యర్థము. ముందు గూడు, పిదప కోడి.

పగటివేళ కోళ్ళను బయటికి తోలి, గూటిలోని గడ్డి, పెంట యావత్తు ఊడ్చి ఇంటికి దూరముగ కాల్చివేయవలయును. దండెములను బయటికి తీసి సలసల క్రాగిన నీరు పోయవలయును. గోడల పగుళ్ళను మట్టి, పేడ కలిపి మెత్తి, ఆరిన తరువాత లోపల, వెలుపల సున్నము కొట్టవలయును. దండెము కొనలకు గ్యాసునూనె పూయుట గలదు. అట్లు పూసినచో నూనె పూర్తిగ ఆరువరకు కోళ్ళను చేర్చరాదు, దీపము దగ్గరకు తేరాదు.

ఈ పని ఒక్కసారితో ముగియదు. మొదటిసారి చావక మిగిలిన నల్లి గ్రుడ్లు కొలది దినములకే పొదుగును. అవి పెరిగి మరల గ్రుడ్లు పెట్టకమునుపే, ఏడవ దినమున రెండవసారియు, పదునాలుగవ దినమున మూడవసారియు చేయవలయును.

5. పెట్ట పొదుగుచున్నపుడు చేయవలసిన పని

పొదుగు పెట్టుటకు వెదురు బుట్టకంటె పగిలిన బాన అడుగు మేలు. బుట్ట అల్లికలో నల్లి దాగును. మట్టి పాత్రలో దాగుటకు చోటు లేదు. అందులో ఆరిన మట్టి వేసి, పైన ఎండిన క్రొత్త గడ్డి పరచవలయును.

గ్రుడ్లు పెట్టుటకు రెండు దినములు ముందుగ పెట్ట రెక్కల క్రిందను, గుదము చుట్టును మెత్తని గంధకపు పొడిని కొంచెముగ ఈకల మొదళ్ళకు తగులునట్లు రుద్దవలయును. కన్నులలో, ముక్కులో పడనీయరాదు. చేయువాడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మంచిది.

పిమ్మట ఏడవ దినమునను, పదునాలుగవ దినమునను పెట్ట మేతకు లేచిన వేళ ఈ క్రమమున పని చేయవలయును. ముందుగనే సిద్ధపరచిన క్రొత్త పాత్రను దగ్గర నుంచుకొని, గ్రుడ్లను పొడిగుడ్డతో మెల్లగ తుడిచి అందులోనికి మార్చి, పాత పాత్ర యున్న చోటనే దానిని ఉంచవలయును. చోటు మారినచో కొన్ని పెట్టలు కూర్చుండవు. పాత గడ్డిని వెంటనే కాల్చివేయవలయును. పెట్టకు మరల కొంచెము గంధకము రుద్ది విడువవలయును. ఈ పని పావుగంటలో ముగిసినచో గ్రుడ్లకు హాని లేదు. ఆదిలాబాదు సీమలో చలి తీవ్రము గనుక చలికాలమున దీనిని మధ్యాహ్నపు వేళ చేయుట క్షేమము. ఏడవ దినముననే గ్రుడ్లను దీపము కెదురుగ పట్టి చూచి, పిండము కట్టని వాటిని తీసివేసినచో రెండు పనులు ఒక్కసారియే జరుగును.

పదునెనిమిదవ దినము మొదలు పిల్లలు దిగువరకు పెట్టకుగాని, గూటికిగాని ఏ పొడియు వేయరాదు, గ్రుడ్లను కదల్పరాదు.

6. చేయరాని పనులు

పొదుగు పెట్టకు వేపనూనెగాని, గ్యాసునూనెగాని, మరే నూనెగాని పూయరాదు. గ్రుడ్డు పెంకునకు సన్నని రంధ్రములు గలవు. లోని పిండము వాటి ద్వారముననే గాలి పీల్చును. నూనె తగిలినచో ఆ రంధ్రములు మూసికొని పిండము చచ్చును.

పత్తి చేనికి తెచ్చిన మందును కోడిపైగాని, గూటిలోగాని చల్లరాదు. ఈ సీమలలో పత్తి సాగు విస్తారము గనుక అట్టి మందు ఇంటిలో మిగిలియుండుట సహజము. మోనోక్రోటోఫాస్ వంటి మందులు పక్షులకు కొద్దిపాటి మోతాదుననే ప్రాణాంతకములు; చావక మిగిలిన కోడి మాంసమును, గ్రుడ్లను తినువారికిని కీడు కలుగును. పూర్వము కోళ్ళకు చల్లుచుండిన బి.హెచ్.సి. పొడి 1997లో మన దేశమున నిషేధింపబడినది. పాతది ఎచ్చటనైన మిగిలియున్నను వాడరాదు.

సీతాఫలపు గింజల పొడి పేలను చంపును గాని కంటిలో పడినచో మిక్కిలి ప్రమాదము. వావిలాకు, వేపాకు గూటిలో పరచుట మంచి యలవాటే గాని, దానినే నమ్మి శుద్ధి మానరాదు.

పై పద్ధతులతో నల్లి లొంగనిచో పశువైద్యుని అడిగి పెర్మెత్రిన్ పొడి వంటి కోళ్ళకు తగిన మందును, ఆయన చెప్పిన మోతాదుననే వాడవలయును. మందు వేసిన పిమ్మట ఎన్ని దినములు గ్రుడ్లు, మాంసము తినరాదో గూడ అడిగి తెలిసికొనవలయును.

7. పిల్లలు దిగిన పిమ్మట

పిల్లలు ఆరిన వెంటనే తల్లితో గూడ శుద్ధమైన వేరు చోటికి మార్చి, పొదిగిన గడ్డిని కాల్చివేయవలయును. పిల్లలపై గంధకము చల్లరాదు. తల్లికి నూకలు, జొన్నలతోపాటు తరిగిన మునగాకు, చెదలు పెట్టినచో పోయిన బలము మరల వచ్చును.

పెద్ద కోళ్ళకు నీడపట్టున రెండడుగుల గుంట త్రవ్వి, పొడి మట్టి, చల్లారిన బూడిద సమపాళ్ళుగ నింపి, పది పాళ్ళకు ఒక పాలు గంధకము కలుపవలయును. కోళ్ళు తమంతట తామే అందులో పొర్లి దేహముపై నుండు నల్లిని వదలించుకొనును. గంధకము కలిపిన ధూళిస్నానము ఇట్టి నల్లిని చంపునని అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగిన పరీక్షలలో రుజువైనది. పిల్లలున్న చోట గంధకము లేని గుంటయే యుండవలయును.

అంగడిలో కొన్న కోడిని పదునాలుగు దినములు వేరుగ నుంచి, పరీక్షించిన పిమ్మటనే మందలో విడువవలయును. పిచ్చుకలు, పావురములు గూటి కప్పులో కాపురముండనీయరాదు. వాటి గూళ్ళనుండియు నల్లి దిగును.

రైతులు ముఖ్యముగ జ్ఞాపకముంచుకొనవలసినవి

నల్లి యిల్లు గూడే గాని కోడి కాదు. ముందు గూటిని శుద్ధిచేయవలయును. ఏడు దినములకొకసారి చొప్పున మూడు పర్యాయములు చేయనిది ఫలము లేదు. పొదుగు పెట్టకు నూనె తగలనీయరాదు. చేని మందు చేనికే. ఒక పెట్ట క్రింద పండ్రెండు గ్రుడ్లు పెట్టిన రైతు రెండు మార్లు పావుగంట శ్రమపడినచో ఆ పొదుగు ఫలము చేతికి వచ్చును; అశ్రద్ధ చేసినచో పెట్టయు, పిల్లలును రెండును పోవును.