నాణెము మీది నక్షత్రము

మొన్న మాదాపురములో, అద్దాల మేడల నీడన, టీ త్రాగితే చిల్లరగా 5 రూపాయల నాణెము వచ్చింది. చుట్టూ యువకులు ఫోను చూపి బాకీ తీర్చుకొని పోతున్నారు. నాణెము మొగము చూచేవారేరి? నేను చూచాను. సంవత్సరము క్రింద చిన్న నక్షత్రము. అది హైదరాబాదు టంకశాల గుర్తు.

1903లో సైఫాబాదు చేరి, 1997లో చర్లపల్లికి తరలిన టంకశాల అది. ఆరవ నిజాము కాలమున దాని నాణెములపై చార్మినారు నిలిచింది. అంతకు ఎన్నో శతాబ్దుల పూర్వము శాతవాహనులు వెండి నాణెముపై ఒక వైపు ప్రాకృతమును, రెండవ వైపు దక్షిణాది దేశభాషను ముద్రింపజేశారు.

నేడో? 2023 ఆగస్టు 28న విడుదలయిన నందమూరి తారక రామారావు నూరు రూపాయల స్మారక నాణెముపై సయితము తెలుగక్షరము కానరాదు. నోటుపై పదునైదు భాషల వరుసలో మనకు తావున్నది. నాణెముపై చోటు తక్కువే, నిజము. కాని ఒకరిని స్మరించే నాణెముపై వారి పేరు వారి లిపిలో పట్టనంత తక్కువా?

2011 నాణెముల చట్టము ప్రకారము రూపనిర్ణయము కేంద్ర ప్రభుత్వానిది. అందుకు సలహా చెప్పే చోట చిత్రకారుడు, లోహశిల్పి ఉంటే చాలదు, భాషలెరిగినవాడొకడు కూర్చోవలె. ఈ మాట అడుగవలసినవాడు అతడే.

ఆ నాణెమును తరగతికి తీసికొనిపోయి నక్షత్రము చూపాను. “ఊరు మనది, అక్షరమేదండీ?” అన్నదొక విద్యార్థిని. నా వద్ద జవాబు లేకపోయింది.