మళ్ళీ మళ్ళీ విప్పదగిన స్నాప్ బిగింపులు: రూపకల్పనలో వికృతి, వాలు, దారి

వ్యాససంగ్రహం:
మరలు, జిగురు అవసరం లేకుండా ఒక భాగాన్ని మరొక భాగంలోకి నొక్కి బిగించే పద్ధతిని స్నాప్ ఫిట్ అంటారు. ఒక్కసారి బిగిస్తే చాలుననుకొనే స్నాప్‌కూ, వందలసార్లు విప్పి బిగించవలసిన స్నాప్‌కూ పైకి తేడా కనబడదు. ఆ తేడా చేయి మొదట్లో కలిగే వికృతిలోనూ, కొక్కెం విడిపోయే వైపు వాలులోనూ, బరువు మోసే దిశకూ తెరిచే దిశకూ గల సంబంధంలోనూ ఉందని ఈ వ్యాసం ఒక లెక్క ఆధారంగా వివరిస్తుంది.

కీలక పదాలు: స్నాప్ ఫిట్, కాంటిలివర్, వికృతి, ఘర్షణ గుణకం, పునర్వినియోగం, మరమ్మతు.

ఉపోద్ఘాతం

టీవీ రిమోట్ వెనుక బ్యాటరీ మూత కొక్కెం విరిగితే, ఆ మూతను రబ్బరు బ్యాండుతోనో సెల్లోటేపుతోనో పట్టి ఉంచి వాడుకోవడం చాలా ఇళ్ళలో కనబడే దృశ్యమే. రిమోట్ లోపలి సర్క్యూటుకు ఏ దోషమూ ఉండదు. చెడిపోయింది వేలిగోరంత ప్లాస్టిక్ ముక్క మాత్రమే. రిమోట్ కనుక రబ్బరు బ్యాండుతో నెట్టుకురావచ్చు. అదే ముక్క మిక్సీ అడుగు భాగంలోనో, ల్యాప్‌టాప్ పెట్టెలోనో, రక్తపోటు కొలిచే యంత్రంలోనో విరిగితే, తక్కినదంతా పనిచేస్తున్నా ఆ వస్తువు చెత్తలో చేరే అవకాశం ఎక్కువ.

సాధారణంగా ఇటువంటి వైఫల్యాన్ని 'నాసిరకం ప్లాస్టిక్' అనే మాటతో తోసిపుచ్చడం జరుగుతుంది. కొన్ని సందర్భాలలో అది నిజమే కావచ్చు. అయితే అదే ప్లాస్టిక్‌తో, అదే అచ్చు యంత్రంపై, కొద్దిపాటి కొలతల మార్పుతో చాలాకాలం మన్నే కొక్కేన్ని తయారుచేయడం సాధ్యమే. కాబట్టి ఈ ప్రశ్న ముడిసరుకు కన్నా ముందుగా రూపకల్పనకు సంబంధించినది.

1. టిచ్ బటన్ నుండి ఆట ఇటుక వరకు

జాకెట్లకు, పిల్లల గౌన్లకు కుట్టే టిచ్ బటన్ ఈ కుటుంబంలో పాతది. జర్మనీకి చెందిన హెరిబెర్ట్ బావర్ 1885లో స్ప్రింగు గుండీకి పేటెంటు పొందారు. 1903లో హాన్స్ ప్రిమ్ దాని గిన్నెలో మెలితిరిగిన సన్నని తీగ స్ప్రింగును అమర్చి, పట్టును మెరుగుపరిచారు. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. గుండీ రూపాన్ని నిలిపే లోహపు గిన్నె వేరు, వంగే తీగ వేరు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క భాగం ఉండటం వల్ల తీగ తన సాగే హద్దు దాటకుండా వేలసార్లు వంగి లేస్తుంది.

ప్లాస్టిక్ వచ్చాక ఈ రెండు పనులూ ఒకే ముక్క మీద పడ్డాయి. డెన్మార్క్‌లో గోట్‌ఫ్రెడ్ కిర్క్ క్రిస్టియాన్సెన్ 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేసిన లెగో ఇటుక దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇందులో కొక్కెమే లేదు. పై ఇటుక అడుగున ఉన్న గొట్టాలకూ గోడలకూ మధ్య కింది ఇటుక బొడిపెలు బిగుతుగా ఇరుక్కుంటాయి. వంగవలసిన దూరం అతిస్వల్పం కాబట్టి ప్లాస్టిక్ అలసిపోదు. దానికి బదులుగా కొలతల్లో అసాధారణమైన కచ్చితత్వం కావాలి. మొదట వాడిన సెల్యులోజ్ అసిటేట్ కాలక్రమంలో వంకరపోయేది. 1963లో ఏబీఎస్ ప్లాస్టిక్‌కు మారిన తరువాతే ఆ కచ్చితత్వం నిలకడగా దక్కింది. 1958 నాటి ఇటుక నేటి ఇటుకతో జతపడటం ఈ క్రమశిక్షణ ఫలితమే. అయితే అంతటి కచ్చితమైన అచ్చుల ఖర్చును బ్యాటరీ మూత భరించలేదు. అందుకే సాధారణ వస్తువులలో కొక్కెం ఉన్న చేయి, అంటే కాంటిలివర్ స్నాప్, రాజ్యమేలుతోంది.

2. చేయి ఎంత వంగగలదు?

ఒక చివర మూతకు అంటుకొని, రెండో చివర కొక్కెం కలిగిన సన్నని పట్టీగా ఈ చేతిని ఊహించవచ్చు. బిగించేటప్పుడు కొక్కెం ఎదుటి అంచును దాటడానికి చేయి పక్కకు వంగుతుంది. దాటగానే తిరిగి లేచి, అంచు వెనుక నిలుస్తుంది. వంగిన క్షణంలో అత్యధిక వికృతి చేయి మొదట్లో కలుగుతుంది. చేయి మందం అంతటా సమానంగా ఉన్నప్పుడు దానిని ఇలా లెక్కిస్తారు:

వికృతి = 1.5 × మందం × వంపు ÷ (పొడవు × పొడవు)

ఈ సూత్రంలో బలం కనబడకపోవడం గమనార్హం. ప్లాస్టిక్ గట్టిదా మెత్తదా అన్నదానితో నిమిత్తం లేకుండా, కొలతలే వికృతిని నిర్ణయిస్తున్నాయి. పదార్థం చెప్పేది ఆ వికృతిని తాను ఓర్చుకోగలనా లేదా అన్నది మాత్రమే.

ఉదాహరణకు 2 మి.మీ. మందం, 15 మి.మీ. పొడవు గల చేయి 1.2 మి.మీ. వంగవలసి ఉందనుకుందాం. వికృతి 1.6 శాతం అవుతుంది. ఎంచుకొన్న ప్లాస్టిక్ ఒక్కసారి బిగింపుకు 2 శాతం వరకు అనుమతిస్తుందనుకొంటే ఈ చేయి ఉత్తీర్ణమైనట్లే. అయితే తరచుగా విప్పి బిగించే స్నాప్‌లకు ఒక్కసారి బిగింపు విలువలో సుమారు 60 శాతాన్నే హద్దుగా తీసుకోవాలని బేయర్ సంస్థ వెలువరించిన స్నాప్ ఫిట్ మార్గదర్శి సూచిస్తుంది. అంటే ఇక్కడ హద్దు 1.2 శాతం. కర్మాగారంలో చక్కగా బిగిసిన ఆ చేయి, ఇంట్లో బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ తన హద్దు దాటుతూనే ఉంటుంది. ముందు మొదట్లో తెల్లని చార కనబడుతుంది, ఆపై పగులు వస్తుంది.

పొడవును 18 మి.మీ.లకు పెంచితే వికృతి 1.11 శాతానికి దిగుతుంది. మన్నే మూతకూ విరిగే మూతకూ మధ్య తేడా 3 మి.మీ. పొడవు వర్గంగా పనిచేయడమే దీనికి కారణం. రూపకర్తలు అలవాటుగా చేసే పొరపాటు దీనికి సరిగ్గా విరుద్ధమైనది. విరిగిన చేతిని చూసి 'బలం చాలలేదు' అనుకొని మందం పెంచుతారు. మందం పెరిగితే వికృతీ పెరుగుతుంది, చేయి మరింత త్వరగా విరుగుతుంది.

పొడవు పెంచడానికి చోటు లేనప్పుడు మరొక మార్గం ఉంది. చేయి మందాన్ని మొదట్లో 2 మి.మీ.గానే ఉంచి, చివరకు వచ్చేసరికి 1 మి.మీ.కు క్రమంగా తగ్గిస్తే, వంపు అంతా మొదట్లోనే పోగుపడక చేయి పొడవునా పంచుకొంటుంది. అదే వంపుకు మొదట్లో వికృతి సుమారు 1.64 వంతున తగ్గుతుంది. అప్పుడు 15 మి.మీ. చేయి కూడా 0.98 శాతంతో హద్దులోనే నిలుస్తుంది. అదనపు చోటు అక్కరలేదు, ప్లాస్టిక్ కూడా కొంత తగ్గుతుంది. ఇంత చవకైన పరిష్కారాన్ని అందరూ వాడకపోవడం ఆశ్చర్యకరం.

పై లెక్కలన్నీ చేయి మొదలు నునుపుగా ఉన్నప్పుడే వర్తిస్తాయి. చేయి గోడను కలిసేచోట పదునైన లంబకోణపు మూల ఉంటే ప్రతిబలం అక్కడ కేంద్రీకృతమవుతుంది. ఆ మూలను గుండ్రం చేయాలి. గుండ్రపు వ్యాసార్ధం చేయి మందంలో 0.6 వంతు, అంటే ఈ ఉదాహరణలో 1.2 మి.మీ. ఉండటం మేలని నిర్ధారితమైన అనుభవం. అంతకు మించితే ప్రయోజనం పెద్దగా పెరగదు. పైగా అక్కడ ప్లాస్టిక్ దళసరియై, చల్లారేటప్పుడు లోపల బోలు, బయట గుంట ఏర్పడతాయి.

3. దూరే వాలు, విడిపోయే వాలు

కొక్కేనికి రెండు వాలులుంటాయి. మొదటిది లోపలికి జారడానికి, రెండవది బయటికి రావడానికి. చేతిని వంచే బలాన్ని ఈ వాలులు నెట్టే బలంగా, లాగే బలంగా మారుస్తాయి. మారే నిష్పత్తి వాలు కోణం మీదా, ఘర్షణ గుణకం మీదా ఆధారపడుతుంది: కోణపు టాంజెంట్‌కు ఘర్షణ గుణకాన్ని కలిపి, ఆ మొత్తాన్ని, 1 నుండి ఆ రెండింటి లబ్ధాన్ని తీసివేయగా వచ్చిన విలువతో భాగించాలి.

పై 18 మి.మీ. చేతికి వెడల్పు 6 మి.మీ., యంగ్ గుణకం 2000 మెగాపాస్కల్స్ అనుకొంటే దానిని వంచడానికి సుమారు 4.9 న్యూటన్ల బలం కావాలి. ఘర్షణ గుణకం 0.3గా తీసుకొందాం. దూరే వాలు 30 డిగ్రీలైతే 5.2 న్యూటన్లతో మూత బిగుస్తుంది. విడిపోయే వాలు 45 డిగ్రీలైతే 9.2 న్యూటన్లతో ఊడుతుంది. దానిని 60 డిగ్రీలకు పెంచితే 20.9 న్యూటన్లు కావాలి. సుమారు 73 డిగ్రీల వద్ద హారం సున్నా అవుతుంది. అక్కడి నుండి ఎంత లాగినా కొక్కెం జారదు, విరగవలసిందే.

ఒక్కసారి బిగించే స్నాప్‌కు 90 డిగ్రీల ముఖం పెట్టడం సబబే. విప్పవలసిన స్నాప్‌కు మాత్రం 60 డిగ్రీలు కూడా ప్రమాదకరమే. అందుకు కారణం ఎక్కువ బలం కావలసి రావడం ఒక్కటే కాదు, ఆ బలం ఎంతో ముందుగా చెప్పలేకపోవడం. దుమ్ము చేరి ఘర్షణ గుణకం 0.3 నుండి 0.4కు పెరిగిందనుకుందాం. 45 డిగ్రీల కొక్కెం 9.2కు బదులు 11.5 న్యూటన్లు అడుగుతుంది, చేతికి ఆ తేడా తెలియను కూడా తెలియదు. 60 డిగ్రీల కొక్కెం 20.9 నుండి 34కు ఎగబాకుతుంది. అప్పుడు మనిషి స్క్రూడ్రైవర్ అందుకొంటాడు.

పునర్వినియోగ స్నాప్‌లకు విడిపోయే వాలును 30 నుండి 45 డిగ్రీల మధ్య ఉంచాలన్న ఆనవాయితీకి ఈ సున్నితత్వమే అసలు సమర్థన. వాడకంతో కొక్కెం అంచు అరిగి గుండ్రమై, పట్టు కొంత సడలుతుందన్నది కూడా లెక్కలో ఉండాలి.

4. మోసే దారి, తెరిచే దారి

45 డిగ్రీల వాలుతో తేలికగా ఊడే మూత బరువు మోయలేదు. వీపు సంచి పట్టీ ఊడిపోకూడదు, అయినా రోజుకు పదిసార్లు విప్పాలి. ఈ వైరుధ్యాన్ని వాలుతో పరిష్కరించడం సాధ్యం కాదు. పక్కల నొక్కి విప్పే ప్లాస్టిక్ బకిల్ దీనిని వేరే విధంగా తీరుస్తుంది. దాని రెండు చేతుల కొక్కేలకు విడిపోయే వైపు నిటారు ముఖం ఉంటుంది. పట్టీని ఎంత లాగినా ఆ బలం చేతుల పొడవునా ప్రవహిస్తుందే తప్ప వాటిని వంచదు. విప్పడానికి మాత్రం వేళ్ళు చేతులను లోపలికి, అంటే లాగే దిశకు అడ్డంగా, నొక్కుతాయి. ఘర్షణ, వాలు అనే అనిశ్చితులు విప్పే పనిలోంచి తప్పుకొంటాయి.

టిచ్ బటన్‌లోనూ ఇదే సూత్రం మరొక రూపంలో ఉంది. బట్ట అడ్డంగా గుంజుకొన్నప్పుడు గుండీ నిలుస్తుంది. అంచు పట్టుకొని పైకి ఒలిచినప్పుడు బలమంతా ఒక్క పక్క మీద పడి, తేలికగా విడిపోతుంది. పెద్ద బలంతో పట్టి ఉంచి, చిన్న బలంతో విప్పగలగడానికి దిశలను వేరుచేయడమే కీలకం.

5. తేమ, కాలం, పొరలు

బిగిసిన తరువాత చేయి పూర్తిగా లేచి, ఏ ఒత్తిడీ లేకుండా నిలవాలి. కొంచెం వంగి ఉంటే మూత కదలకుండా ఉంటుందన్న ఆశతో చేతిని ఒత్తిడిలోనే వదిలితే, నెలలు గడిచేకొద్దీ ప్లాస్టిక్ ఆ వంపుకే అలవాటు పడి పట్టు కోల్పోతుంది. నైలాన్ విషయంలో తేమ ముఖ్యం. అచ్చు నుండి వచ్చిన వెంటనే పొడిగా ఉండే నైలాన్ పెళుసు. గాలిలోని తేమను పీల్చుకొన్నాక సాగే గుణం పెరుగుతుంది. అందువల్ల పొడి ముక్క మీద చేసిన పరీక్ష ఫలితాన్ని వాడుకలోని ముక్కకు ఆపాదించరాదు.

కళాశాల ప్రయోగశాలల్లో నేడు సాధారణమైన త్రీడీ ప్రింటర్లతో స్నాప్‌లు చేసేవారికి మరొక సమస్య ఎదురవుతుంది. చేతిని నిలువుగా ముద్రిస్తే పొరలు దాని పొడవుకు అడ్డంగా పేరుకొంటాయి. వంగినప్పుడు మొదట్లోని తన్యత పొరల మధ్య అతుకుల మీద పడి, చేయి గెణుపు దగ్గర చెరకులా విరుగుతుంది. పడుకోబెట్టి ముద్రిస్తే పొరలు పొడవునా సాగి బలాన్ని మోస్తాయి. పీఎల్ఏ కన్నా పీఈటీజీ, నైలాన్ ఈ పనికి అనువైనవి.

6. కనబడని కొక్కెం

లెక్క ప్రకారం మన్నవలసిన స్నాప్ కూడా, దాని చోటు తెలియని చేతిలో విరుగుతుంది. చాలా పరికరాలలో కొక్కేలు లోపలే దాగి ఉంటాయి. మరమ్మతు చేసేవారు గిటారు మీటే బిళ్ళ వంటి పలుచని ముక్కను అంచు వెంట జరుపుతూ వాటిని వెదకవలసి వస్తుంది. కొన్ని పెట్టెల మీద కొక్కెం ఎదుట చిన్న చతురస్రపు రంధ్రం కనబడుతుంది. దానిని గాలి కోసమని అనుకోవచ్చు, కాని తరచుగా అది కొక్కెం కింది భాగాన్ని మలిచే అచ్చు ముక్క వెనక్కి రావడానికి వదిలిన దారి. అదే రంధ్రాన్ని విప్పే పనిముట్టుకు దారిగా గుర్తు పెట్టి చూపితే రెండు ప్రయోజనాలు సిద్ధిస్తాయి.

ఈ విషయం ఇకపై రూపకర్త ఇష్టానికే వదిలేది కాదు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీ నిబంధన ప్రకారం, కొన్ని మినహాయింపులు పోగా, చిన్న పరికరాలలోని బ్యాటరీలను వినియోగదారుడే మార్కెట్‌లో దొరికే పనిముట్లతో తీసి మార్చుకోగలిగేలా ఉండాలి. ఇది 2027 ఫిబ్రవరి 18 నుండి వర్తిస్తుంది. వేడి చేసి, ద్రావకం పోసి ఊడదీయవలసిన జిగురుకు అక్కడ చోటు తగ్గుతోంది. ఆ ఖాళీలోకి మరలతోపాటు స్నాప్‌లు కూడా వస్తాయి. వాటిని విప్పేది కర్మాగారపు శిక్షణ పొందినవారు కాదు.

అటువంటి చేతుల కోసం చేయవలసిన చివరి ఏర్పాటు చేయి వెనుక ఒక చిన్న ఆపుగోడ. పై ఉదాహరణలో 1.2 మి.మీ. వంగితే కొక్కెం విడిపోతుంది. 18 మి.మీ. చేయి 1.3 మి.మీ. వంగినప్పుడు వికృతి సుమారు 1.2 శాతం, అంటే దాదాపు అనుమతించిన హద్దు. కొక్కెం వెనుక 1.3 మి.మీ. దూరంలో గోడ నిలిపితే, స్క్రూడ్రైవర్‌తో ఎంత గట్టిగా నెట్టినా చేయి ఆ గోడకు తగిలి ఆగుతుంది.